అప్‌డేట్: విజిటింగ్ బయాలజీ ప్రొఫెసర్ జాబ్ వచ్చింది

పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక రీసెర్చ్ ఉద్యోగం) వదిలేసి ఒహాయోలో ఒక చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో ఏడాది విజిటింగ్ జాబ్‌కి వెళ్లొచ్చా అని అడిగా కదా, ఆఫర్ వచ్చింది, సైన్ చేసేశా.

ఇంటర్వ్యూలో నా రీసెర్చ్‌ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదండీ, అంతా టీచింగ్ డెమోనే. టాపిక్ హార్డీ-వైన్‌బర్గ్ సూత్రం, అంటే ఒక జనాభాలో జన్యువుల జతలు ఏ నిష్పత్తిలో ఉంటాయో లెక్కగట్టేది. స్లైడ్లు పక్కన పడేసి రాజ్మా, తెల్ల బొబ్బర్లు గిన్నెలో కలిపి పిల్లల చేత కళ్లు మూసుకుని రెండేసి గింజలు తీయించా, ఆ సూత్రంలోని పీ స్క్వేర్, టూ పీక్యూ వాళ్లే బోర్డు మీద రాసేశారు. వెనక కూర్చున్న అమ్మాయి "తీసినవి మళ్లీ గిన్నెలో వేయకపోతే లెక్క మారదా" అంది, అక్కడే సగం ఉద్యోగం వచ్చేసినట్టు అనిపించింది.

మీలో ఒకరు టీచింగ్ పనిలో ల్యాబ్ గంటలు ఎలా లెక్కేస్తారో అడగమన్నారు, థాంక్స్, ఎందుకంటే మూడు గంటల ల్యాబ్‌ని లెక్చర్‌తో సమానంగా చూడరట, అగార్ ప్లేట్లు (సూక్ష్మజీవుల్ని పెంచే జెల్లీ పళ్లాలు) పోయడానికి మాత్రం వేరే మనిషి ఉన్నారు, అదే పదివేలు.

వీసా సంగతి: స్టెమ్ ఓపీటీలోనే (సైన్స్ చదివిన విదేశీ విద్యార్థులకి చదువయ్యాక ఇచ్చే వర్క్ పర్మిట్) ఉన్నా కాబట్టి కాలేజీకి ఈ-వెరిఫై (ఉద్యోగి పని అర్హత చూసే ప్రభుత్వ ఆన్‌లైన్ సిస్టమ్) ఉందా, ఐ-983 అనే ట్రైనింగ్ ప్లాన్ ఫారం మీద సంతకం పెడతారా అని ముందే అడిగా, రెండిటికీ ఓకే. కాలేజీలకి హెచ్‌1బీ లాటరీ బెడద లేదు గానీ, సెలవు మీద వెళ్లిన ప్రొఫెసర్ తిరిగొచ్చేదాకే నా పోస్టు, కాబట్టి స్పాన్సర్ చెయ్యరు. క్లాసులు మొదలైన ఆగస్టు, సెప్టెంబర్‌లోనే టెన్యూర్ ట్రాక్ (పర్మనెంట్ అయ్యే అవకాశమున్న) ఉద్యోగాల యాడ్లు పడతాయి, మళ్లీ అప్లికేషన్లు మొదలు.

జెనెటిక్స్ ల్యాబ్‌లో పండు ఈగలు కాకుండా ఈస్ట్‌తో ఎవరైనా చేయించారా? చెప్పండి ప్లీజ్.