ఫిలాసఫీలో శాఖల పేర్లు తెలిశాయి, కానీ అసలు పని ఎలా జరుగుతుంది?

కొత్తపాఠకుడు:
అందరికీ నమస్కారం. ఫిలాసఫీ మీద ఆసక్తి పుట్టి కొన్ని పరిచయ వ్యాసాలు చదివాను. ఏది తెరిచినా అదే పట్టిక: తత్త్వమీమాంస, జ్ఞానమీమాంస, నీతిశాస్త్రం, తర్కశాస్త్రం, సౌందర్యశాస్త్రం, ఒక్కోదానికి రెండు లైన్ల నిర్వచనం. పేర్లు నోటికొచ్చాయి కానీ వీళ్లు కూర్చుని చేసే పని ఏమిటో మాత్రం బోధపడలేదు. సైన్సులో ప్రయోగం ఉంటుంది, లెక్కల్లో రుజువు ఉంటుంది, చరిత్రకారుడికి శాసనాలో పత్రాలో ఉంటాయి. ఫిలాసఫీలో ఒకాయన చెప్పింది తప్పని ఇంకొకాయన ఎలా తేలుస్తాడు? ఎవరి అభిప్రాయం వాళ్లదేనా? ఇంకో చిన్న డౌటు, ఈ శాఖలన్నీ వరసగా చదవాలా, ఏదో ఒకటి పట్టుకుంటే సరిపోతుందా?

పూర్వపక్షి:
ముందు ఆ పట్టికను పక్కన పెట్టండి. శాఖలు వేరువేరు సబ్జెక్టులు కావు, వేరువేరు రకాల ప్రశ్నలు, అంతే. ఒకే విషయం మీద అన్ని రకాలూ వేయొచ్చు. ఉదాహరణకి అబద్ధం తీసుకోండి. ఒకరి ప్రాణం కాపాడటానికి అబద్ధం ఆడొచ్చా అంటే అది నీతిశాస్త్రం (జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1797లో ఒక వ్యాసం రాసి మరీ ఆడకూడదన్నాడు, చాలామంది ఇప్పటికీ ఆయన్ని క్షమించలేదు). ఎదుటివాడు అబద్ధం చెప్తున్నాడని నాకు తెలుసు అనాలంటే ఎంత ఆధారం ఉండాలి? అది జ్ఞానమీమాంస. ఆ క్షణంలో వాడు నిజం చెప్పగలిగి ఉండేవాడా, లేక గతమూ మెదడూ కలిసి వాడిచేత అలాగే చెప్పించాయా అంటే తత్త్వమీమాంసలోకి వచ్చేశారు. "నేను ఇప్పుడు చెప్తున్న ఈ మాట అబద్ధం" అనే వాక్యం నిజమా కాదా? నిజమైతే అబద్ధం, అబద్ధమైతే నిజం. గ్రీకుల కాలం నుంచి తర్కశాస్త్రానికి ఇదొక తలనొప్పి. ప్రజల మేలు కోసం పాలకులు అబద్ధం చెప్పొచ్చా అంటే రాజకీయ తత్త్వశాస్త్రం, ప్లేటో చెప్పొచ్చనే అన్నాడు. లేని మనిషి గురించి నవల రాసినవాడు అబద్ధమాడినట్టా కాదా అనేది సౌందర్యశాస్త్రం వాళ్లకి వదిలేద్దాం.

కాబట్టి వరసగా చదవక్కర్లేదు. మిమ్మల్ని నిజంగా గుచ్చే ప్రశ్న ఒకటి పట్టుకోండి, దాన్ని లాగితే మిగతా శాఖలు వాటంతటవే వస్తాయి.

ఎండమావి:
పై జవాబు బాగుంది కానీ అసలు ప్రశ్న "తప్పని ఎలా తేలుస్తారు" అని కదా, దానికి ఒక కేసు చెప్తాను. కొంచెం పెద్దది, ఓపిక పట్టండి.

ఒక విషయం "తెలుసు" అంటే ఏమిటి? చాలాకాలం చాలామందికి సరే అనిపించిన జవాబు ఇది: నేను దాన్ని నమ్మాలి, అది నిజం కావాలి, నమ్మడానికి నా దగ్గర సరైన కారణం ఉండాలి. ఈ మూడూ ఉంటే జ్ఞానం. 1963లో ఎడ్మండ్ గెటియర్ మూడు పేజీల వ్యాసంలో దీన్ని పడగొట్టాడు. ఎలా? మూడు షరతులూ ఉండి కూడా "తెలుసు" అనలేని సందర్భాలు రెండు చూపించాడు. ఇలాంటి ఉదాహరణే ఎనిమిదో శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మోత్తరుడి దగ్గర ఉంది, నాకదే ఎక్కువ ఇష్టం (నా ఐడీ అక్కడిదే). దాహంతో ఉన్నవాడు దూరంగా ఎండమావిని చూసి అక్కడ నీళ్లున్నాయనుకుంటాడు. వెళ్లేసరికి నిజంగానే అక్కడ ఒక రాయి కింద నీళ్లున్నాయి. నమ్మకం ఉంది, అది నిజమైంది, కంటికి కనిపించిందనే కారణమూ ఉంది. అయినా వాడికి ముందే తెలుసని అంటామా? అనం, ఏదో అదృష్టం కలిసొచ్చింది అంటాం.

సరే, నాలుగో షరతు పెడదాం అన్నారు: నమ్మకానికి దారితీసిన మెట్లలో ఎక్కడా అబద్ధం ఉండకూడదు. అప్పుడు ఇంకో ఉదాహరణ వచ్చింది. ఒక ప్రాంతంలో రోడ్డు పక్కనంతా సినిమా సెట్టింగుల్లాంటి ఉత్తుత్తి ఇళ్ల ముఖభాగాలే నిలబెట్టారు, నిజమైన ఇల్లు ఒక్కటే ఉంది. ఆ సంగతి తెలియని మీరు సరిగ్గా ఆ ఒక్కదాన్నే చూసి "అదొక ఇల్లు" అన్నారు. తప్పు మెట్టు ఎక్కడా లేదు, అయినా మీకు తెలుసా? ఇక్కడ జనం రెండుగా చీలిపోతారు.

గమనించాల్సింది పద్ధతి. నిర్వచనం, దానికి అడ్డుపడే ఉదాహరణ, సవరణ, మళ్లీ ఇంకో అడ్డు. సోక్రటీస్ వీధుల్లో నిలబడి చేసింది దాదాపు ఇదే, ధైర్యం అంటే ఏమిటి, భక్తి అంటే ఏమిటి అని అడిగి చెప్పినవాడి మాటలతోనే వాడిని ఇరికించడం. అభిప్రాయం ఎవరిదైనా కావచ్చు, కానీ అది ఇలాంటి ఒక్క ఉదాహరణకు కూలిందంటే ఇక దాన్ని పట్టుకుని వేలాడలేం.

పొగ_నిప్పు:
ఇద్దరూ తర్కాన్ని కొంచెం తేలిగ్గా తీసుకున్నారనిపించింది. వాదం ఆకారం (వాక్యం నుంచి వాక్యానికి వెళ్లే తీరు) సరిగ్గా ఉండటం వేరు, దానికి ఆధారమైన వాక్యాలు నిజం కావడం వేరు. "చేపలన్నీ చెట్లెక్కుతాయి, సొరచేప ఒక చేప, కాబట్టి సొరచేప చెట్టెక్కుతుంది" అనే వాదంలో ఆకారానికి వంక పెట్టలేం, తప్పంతా మొదటి వాక్యంలోనే ఉంది. ఈ తేడా చేతికి రాకుండా కాంట్‌నో హ్యూమ్‌నో చదివితే ఏ వాక్యాన్ని కాదనాలో తెలియక మొత్తం పుస్తకంతో గొడవ పడతారు.

మన న్యాయదర్శనం (ప్రాచీన భారతీయ తర్క సంప్రదాయం) వాళ్లు వాదాన్ని ఐదు అవయవాలుగా పెట్టారు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పుంది; ఎందుకంటే పొగ ఉంది; పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లోలాగా; ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది; కాబట్టి నిప్పుంది. అసలు మజా దీనిమీద జరిగిన గొడవలో ఉంది. ప్రత్యక్షం (ఇంద్రియాలతో నేరుగా తెలుసుకోవడం) తప్ప జ్ఞానానికి ఇంకే ఆధారాన్నీ ఒప్పుకోని చార్వాకులు, పొగ ఉన్న ప్రతిచోటా నిప్పుంటుందని నీకెలా తెలుసు, అన్ని కాలాల్లో అన్ని చోట్లా చూశావా అని అడిగారు. 1739లో స్కాట్లాండ్ తత్త్వవేత్త హ్యూమ్ కార్యకారణాల గురించి వేసిన ప్రశ్న దీనికి చాలా దగ్గర. న్యాయదర్శనానికి చెందిన ఉదయనుడి జవాబు చూడండి: సందేహానికీ ఒక హద్దుంటుంది, నీ పనితోనే పొసగని చోట అది ఆగిపోతుంది. పొగ కావాల్సినప్పుడు నువ్వు కూడా నిప్పే రాజేస్తావు కదా, మరి నీ సందేహం ఏపాటిది? ఈ జవాబు నాకు పూర్తిగా ఒప్పుగా అనిపించదు, అలవాటుకొద్దీ నిప్పు రాజేయడం ఒకటి, దానికి సమర్థన ఉండటం ఇంకొకటి. కానీ వాదం ఎక్కడ తెగాలో అక్కడే కత్తి పెట్టాడు.

ఇంకోటి, ఈ గ్రంథాలు చాలావాటిలో ముందు పూర్వపక్షం (ఎదుటివాడి వాదం), తర్వాత సిద్ధాంతం (తమ నిర్ణయం). ఎదుటివాడి వాదాన్ని వాడికంటే గట్టిగా చెప్పాకే ఖండించాలి. ఆన్‌లైన్లో మనం చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం.

ఉత్తమాట:
క్షమించాలి, నాకిదంతా కాలక్షేపంలాగే ఉంది. ఉత్తుత్తి ఇళ్లు, ట్రాలీ కింద ఐదుగురు ఒకవైపు ఒక్కడు ఇంకోవైపు... ఎవరి జీవితంలో జరుగుతాయివి? పైగా చివరికి "మనకేమనిపిస్తుంది" అనేదే తీర్పు. అనిపించడం మనిషి మనిషికీ మారుతుంది. రెండున్నర వేల ఏళ్లుగా తేలిన ప్రశ్న ఒక్కటి చూపించండి.

ఎండమావి:
ట్రాలీ కథ (అదుపు తప్పిన బండిని ఐదుగురి వైపు నుంచి ఒక్కడున్న వైపుకి మీట తిప్పి మళ్లించొచ్చా అనేది) నిజంగా జరగడానికి కాదండీ, ఒక్క అంశాన్ని విడదీసి చూడటానికి. ఫిలిప్పా ఫుట్ 1967లో దాన్ని పెట్టింది, తర్వాత జుడిత్ జార్విస్ థామ్సన్ దాన్ని మార్చి వంతెన మీంచి ఒక మనిషిని తోసి ఐదుగురిని కాపాడే కథ చేసింది. రెండిట్లోనూ లెక్క ఒకటే, ఒకరికి ఐదుగురు. మీట తిప్పొచ్చు అన్నవాళ్లలో చాలామంది తోయకూడదు అంటారు. అంటే ప్రాణాల లెక్కకు మించి ఇంకేదో మన మనసులో పనిచేస్తోంది, అదేమిటో చెప్పండి అనేది సవాలు. జాన్ రాల్స్ అనే తత్త్వవేత్త పద్ధతిలో అయితే అనిపించడమే తుది తీర్పు కూడా కాదు, సూత్రాన్ని చూసి ఆ స్పందనను దిద్దుకుంటాం, స్పందనను చూసి సూత్రాన్ని దిద్దుకుంటాం, రెండూ కుదిరేదాకా. అనిపించడం మనిషి మనిషికీ మారుతుందనే మీ అభ్యంతరం మాత్రం గట్టిదే, ఫిలాసఫర్లలోనే కొందరు సర్వేలు చేసి మరీ దాన్ని లేవనెత్తారు.

ఇక తేలిన ప్రశ్న అంటారా, తేలినవి ఇల్లు మారిపోతాయి. న్యూటన్ 1687 పుస్తకం పేరులోనే "ప్రకృతి తత్త్వశాస్త్రం" ఉంది, ఇప్పుడు దాన్ని ఫిజిక్స్ అంటున్నాం. 1936లో ట్యూరింగ్ ఊహా యంత్రం పుట్టింది కూడా తర్కంలోని ఒక ప్రశ్నకు జవాబుగానే. మిగిలినవి చూసి ఏమీ తేలలేదంటే ఎలా?

కొత్తపాఠకుడు:
అందరికీ థాంక్స్. నాకైతే ఆ ఇళ్ల ఉదాహరణ దగ్గరే బుర్ర ఆగిపోయింది. నా ఉద్దేశంలో ఆ ఇల్లు చూసిన మనిషికి తెలుసు, ఎందుకంటే అతను చూసింది నిజమైన ఇల్లే, చుట్టుపక్కల ఏమున్నాయో అతని చూపుకి సంబంధం లేదు. ఇలా వాదించొచ్చా? దీన్ని ఎలా ముందుకు తీసుకెళ్లాలి?

పొగ_నిప్పు:
వాదించొచ్చు, మీ పక్షాన కూడా ఫిలాసఫర్లున్నారు. మీ హేతువును ఒక సాధారణ వాక్యంగా రాయండి: "చుట్టూ ఉన్న పరిస్థితి చూపును మార్చకపోతే జ్ఞానాన్నీ మార్చదు". ఇప్పుడు దానికి మీరే అడ్డు ఉదాహరణ వెతకండి. ఒకటి నేనిస్తాను: పది థర్మామీటర్లలో తొమ్మిది పాడైపోయాయి, మీకు తెలియకుండా చేతికి బాగున్నది వచ్చింది, అది 38 డిగ్రీలు చూపించింది. జ్వరమెంతో మీకు తెలిసినట్టేనా? ఇక్కడ కాదనిపిస్తే ఇల్లు దగ్గర అవునని ఎందుకన్నారో తేడా చెప్పాలి. ఇక్కడా అవునంటారా, సరే, అప్పుడు ఎండమావి వాడిని ఏం చేస్తారు?