కోడ్‌లో దిట్ట, కానీ టీమ్ నోరు విప్పడం లేదు: ఈ లీడ్‌కి ఎలా కోచింగ్ ఇవ్వాలి?

ప్రశ్న
మా సాఫ్ట్‌వేర్ టీమ్ లీడ్, ప్రొడక్షన్‌లో (కస్టమర్లు వాడే సిస్టమ్‌లో) ఏది ఆగినా లాగ్స్ (సిస్టమ్ రాసుకునే రికార్డులు) చూసి ఇట్టే పట్టేస్తాడు. కానీ అతను లీడ్ అయ్యాక మీటింగుల్లో ఎవరూ నోరెత్తడం లేదు. ఒకరు వేరే టీమ్‌కి మార్చమని అడిగారు కూడా. అతనితో మాట్లాడితే "అంటే క్వాలిటీ తగ్గించమంటారా?" అంటున్నాడు. మేనేజర్‌గా నేను ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1
సాఫ్ట్ స్కిల్స్ ట్రైనింగ్‌కి పంపండి.

జవాబు 2
ఇప్పుడే వద్దండి, శిక్ష వేసినట్టు ఉంటుంది. నేను టెక్ లీడ్లకు కోచింగ్ ఇస్తుంటాను. క్వాలిటీ గురించి అతని బెంగ నిజమైనదే, ముందు దాన్ని గౌరవించండి. తర్వాత అతనికి పట్టే విషయంతోనే మొదలుపెట్టండి: భయపడే టీమ్‌లో బగ్ ఆలస్యంగా బయటపడుతుంది. ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లపై హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్‌సన్ చేసిన పరిశోధన 1996లో అచ్చయింది. మంచి నాయకత్వం ఉన్న నర్సుల టీముల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. అక్కడివాళ్లు దాచకుండా చెప్పడమే అందుకు కారణమని ఆమె వివరించారు. లెక్కలు నమ్మే మనిషికి ఇది బాగా ఎక్కుతుంది.

ఆ తర్వాత అతను ఇతరుల కోడ్ పరిశీలించి రాసిన పాత కోడ్ రివ్యూ కామెంట్లు ఇద్దరూ కూర్చుని చదవండి. "ఇది బేసిక్స్ కదా, చూసుకోవా?" లాంటిది ఒక్కటైనా దొరుకుతుంది. దాన్ని అతన్నే తిరగరాయమనండి. "ఇక్కడ లిస్ట్ ఖాళీగా వస్తే ఏమవుతుంది?" అని రాశాడనుకోండి, అదే బగ్ దొరుకుతుంది, ఎదుటివాళ్ల మొహం చిన్నబోదు. మీరు రాసివ్వకండి, అతని చేతే రాయించండి. టీమ్ వాళ్లతో వన్ ఆన్ వన్‌లో (ఒక్కొక్కరితో విడిగా జరిపే మీటింగ్‌లో) టికెట్ స్టేటస్, అంటే ఏ పని ఎంతవరకు వచ్చిందో, అడగడం మానేయమని కూడా చెప్పండి. అది టీమ్ పనుల బోర్డులో ఎలాగూ కనిపిస్తుంది.

జవాబు 3
అసలు అతనికి లీడ్‌గా ఉండటం ఇష్టమేనా? చాలామంది జీతం పెరగడానికి ఇంకో దారి లేక ఒప్పుకుంటారు. గూగుల్ 2008లో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఆక్సిజన్ అనే పరిశోధనలో మంచి మేనేజర్ల లక్షణాలు ఎనిమిది తేలితే, మొదటిది మంచి కోచ్‌గా ఉండటం, చివరిది టెక్నికల్ నైపుణ్యం. చివరిదైనా జాబితాలో ఉంది కదా, ఆ మాట కూడా అతనికి చెప్పండి.

ప్రశ్న అడిగినవారు
ఇష్టమో కాదో నేనెప్పుడూ అడగలేదు, అడుగుతాను. మరి మార్చమన్నవాళ్లను ఆపాలా?

జవాబు 2
ఆపకండి. విడిగా కూర్చోబెట్టుకుని వినండి. వాళ్లు చెప్పింది లీడ్ దగ్గర వాళ్ల పేరుతో ఎత్తకండి. వెళ్లాలనుకుంటే వెళ్లనివ్వండి.