ఈ వారం సమస్య: "పేరు లేనివాడె పెద్దవాడు"

నిర్వాహకుడు (చెన్నై, మైలాపూరు): ఛందస్సు ఆటవెలది. ఇచ్చింది నాలుగో పాదం, మిగతా మూడూ రాసి పద్యం పూరించాలి. "పేరు" అంటే కీర్తి అనుకుంటే చిక్కు అర్థమవుతుంది. 2025 జూన్‌లో షికాగోలో విజయ్ కుమార్‌కు న్యూయార్క్ రాష్ట్ర ఉత్తమ షెఫ్‌గా జేమ్స్ బియర్డ్ పురస్కారం వచ్చింది. అమెరికాలో వంట రంగానికి ఇచ్చే పెద్ద పురస్కారం అది. తమిళనాడు పల్లెటూరి నుంచి వెళ్లిన మనిషి, పంచెకట్టుతోనే వేదిక ఎక్కారు. ఆయన రెస్టారెంట్ 'సెమ్మ'లో చిన్నప్పుడు ఇంట్లో తిన్న నత్తల కూర కూడా వడ్డిస్తారు. ఆ వార్త చదివినప్పటి నుంచి ఈ పాదం నన్ను వదల్లేదు. మన సభ్యుల్లో వంటశాలల్లో పనిచేసేవాళ్లు ఉన్నారు, ముందు వాళ్లే రాయాలి.

గిండీ సభ్యుడు (హోటల్ షెఫ్): గురువుగారూ, పోయిన నెలే మా సంస్థ నాకు ఉత్తమ షెఫ్ అని పలక ఇచ్చింది. మనసులో ఉన్నదే రాశాను.

పలక మీద నాదు పేరు చెక్కిరి గాని
వేడి గిన్నెలెత్తి వేళ దాటి
నిలిచి తోడు పడిన నెయ్యుడే కద నాకు
పేరు లేనివాడె పెద్దవాడు

నిర్వాహకుడు: ముందుగా అభినందనలు! గణాలు, అంటే గురులఘువుల గుంపులు, అన్నీ సరిపోయాయి. మొదటి పాదంలో యతి మాత్రం కుదరలేదు. యతి అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన మైత్రి. "ప"కు "పే" చెల్లదు, హల్లు ఒకటే అయినా అచ్చుకు మైత్రి లేదు. ఇలా మారిస్తే?

బిరుదు పలక మీద పేరు నాదే గాని

"బి", "పే" చక్కగా కలుస్తాయి. మూడో పాదం ముట్టుకోను. "నెయ్యుడు" (స్నేహితుడు) అన్న మాటలో మీ వంటశాల అంతా ఉంది. సూ షెఫ్ (ప్రధాన షెఫ్ తర్వాతి షెఫ్), కమీ (పని నేర్చుకుంటున్న జూనియర్ షెఫ్), గిన్నెలు తోమే అబ్బాయి, అందరూ.

పెరంబూరు సభ్యుడు: నాకు నలుడు గుర్తొచ్చాడు. బాహుకుడన్న మారుపేరుతో వంటవాడుగా ఉన్నప్పుడు అతని వంట రుచి చూసే కదా దమయంతి పోల్చుకుంది. వంటవాడికి దక్కిన గుర్తింపుల్లో నాకు తెలిసి అంతకంటే గొప్పది లేదు.

నలుడు పేరు దాచి నాడు వండెను గాని
కూర రుచిని బట్టి కోమలాంగి
గుర్తు పట్టె, రాజ కొలువులో వంటింట
పేరు లేనివాడె పెద్దవాడు

నిర్వాహకుడు: ఊహకు నమస్కారం. విరాటుడి కొలువులో వలలుడైన భీముడికీ ఇదే పాదం సరిపోతుంది. అయితే "కోమలాంగి" యతి కోసం వచ్చి కూర్చుంది. గుర్తుపట్టింది ఎవరో చెప్పకపోతే పద్యంలో ప్రాణమే పోతుంది. రెండు, మూడు పాదాలు ఇలా మారిస్తే?

కూర రుచిని బట్టి గుర్తు పట్టె
తాను వలచినట్టి దమయంతి, వంటింట

పెరంబూరు సభ్యుడు: దమయంతి వచ్చి కూర్చున్నాక ఇక తీయలేను. ఇదే ఉంచుతాను.

వేళచ్చేరి సభ్యురాలు (కమీ): నేను ఇంకా నేర్చుకుంటున్నాను, అవార్డులు లేవు. నైట్ షిఫ్ట్ అయ్యాక ఇంటికి వస్తే నాన్న మేలుకునే ఉంటారు. రోజంతా ఊరందరికీ వండిన నాకు అన్నం పెట్టేది ఆయనే.

రాత్రి వేళ నాదు రాకకై కూర్చుండి
తలుపు తీయు నాన్న తానె లేచి
ముద్ద పెట్టి నవ్వు. మురిసెడి మా యింట
పేరు లేనివాడె పెద్దవాడు

నిర్వాహకుడు: అమ్మా, "మురిసెడి" కొంచెం పూరకంలా, అంటే గణం నింపడానికే వేసిన మాటలా, ఉందని ఎవరైనా అనవచ్చు. నేను అనను. నవ్విన నాన్నను చూసి ఇల్లు మురవడం సహజమే. వండేవాళ్లకు వడ్డించే మనిషి ఒకరుండాలన్న సంగతి ఇంత సూటిగా చెప్పిన పూరణ ఈ వారం ఇంకొకటి రాలేదు. నా ఓటు దీనికే.

గిండీ సభ్యుడు: నా ఓటూ చెల్లాయి పద్యానికే. గురువుగారూ, మీరు దిద్దిన పాదంతో నా పద్యం రేపు ఉదయం బ్రీఫింగ్‌లో మా టీమ్‌కు చదివి వినిపిస్తాను. వాళ్లలో చాలామందికి తెలుగు రాదు, అర్థం తమిళంలో చెబుతాను. గిన్నెల దగ్గర ఉండేవాళ్లు బ్రీఫింగ్‌కు రారు, రేపు వాళ్లనూ పిలుస్తున్నాను.