కార్తీకమాసం నెలంతా పళ్ళు, కూరగాయలే తింటే బరువు తగ్గుతామా? పట్టీ ఇదిగో, ఎక్కడ తేడా కొడుతుందో చెప్పండి

కాలవగట్టు (అమలాపురం):

వయసు 34, ఆడమనిషిని. ఎత్తు 158 సెం.మీ., బరువు 78 కిలోలు. షుగరు, బీపీ లేవు. హిమోగ్లోబిన్ 10.8. థైరాయిడ్‌కి రోజూ 50 మైక్రోగ్రాముల మాత్ర. కార్తీకంలో ఎలాగూ నీచు ముట్టం కాబట్టి ఆ నెలకి అన్నం, పప్పు, పాలు, పెరుగు కూడా పక్కన పెట్టేసి పళ్ళు, కూరగాయల మీదే ఉందామని ఆలోచన. రోజుకి వేసుకున్న పట్టీ ఇది:

పొద్దున్న బొప్పాయి ముక్కలు 300 గ్రాములు, చక్కెరకేళి రెండు. పదకొండింటికి కొబ్బరిబొండం. మధ్యాహ్నం ఆనపకాయో బీరకాయో 400 గ్రాములు రెండు టీ చెంచాల నూనెతో కూర, పక్కన కీరా, కేరట్ కలిపి 200. సాయంత్రం జామకాయలు 200 గ్రాములు. రాత్రి ఉడికించిన బీన్స్, కేబేజీ, కేరట్ 300.

నెలకి ఎన్ని కిలోలు తగ్గొచ్చు? అరటిపండు ఉంచాలా, తియ్యాలా? పెరట్లో కొబ్బరి ఉంది, కూరల్లో కోరు వేసుకోవచ్చా? ఆకలేస్తే ఏం తినాలి?

తూకంరాళ్ళు:

మీ పట్టీని లెక్క కట్టాను. బొప్పాయి 120, చక్కెరకేళి రెండూ కలిపి 200 (తొక్క తీస్తే ఒక్కోటి 100 గ్రాములు తూగితే), బొండం నీళ్ళు 300 మి.లీ.కి 60, మధ్యాహ్నం కూర నూనెతో కలిపి 150, కీరా కేరట్ 60, జామ 120, రాత్రి ముక్కలు 90. అంతా కలిపి 800 కెలోరీలు. మీ ఎత్తూ బరువూ ఉన్న మనిషి ఇంటిపనితో గడిపే రోజుకి 1850 దాకా ఖర్చవుతాయి. అంటే రోజుకి వెయ్యికి పైగా లోటు. కాబట్టి తగ్గడం తగ్గుతారు, అందులో అనుమానం లేదు. నెలకి కాటా మీద 5, 6 కిలోలు కనబడొచ్చు.

అయితే ఆ 5, 6 కిలోలూ కొవ్వు కాదండి. కిలో కొవ్వు కరగాలంటే రమారమి 7700 కెలోరీల లోటు పడాలి. మీ లోటుని నెలకి గుణిస్తే నాలుగు కిలోలకి మించదు, అందులోనూ కండ వాటా ఉంటుంది. మిగతాదంతా నీళ్ళు. అన్నం మానగానే కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ రూపంలో దాచుకున్న పిండిపదార్థం నిల్వ తగ్గుతుంది, దాని ఒక్కో గ్రాముతో మూడు గ్రాముల నీళ్ళు పోతాయి. ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడం ఆగిపోతాయి కాబట్టి ఉప్పు పట్టి ఉంచిన నీరూ దిగుతుంది. మొదటి వారం రెండు కిలోలు తగ్గి, రెండోవారం ముల్లు కదలకపోవడం ఇందుకే. చాలామంది అక్కడ కంగారుపడి ఉన్న తిండి కూడా తగ్గించేస్తారు.

అసలు లోటు ప్రోటీనులో ఉంది. మీ పట్టీ మొత్తంలో జామ, బీన్స్ పుణ్యమా అని 19 గ్రాములు వస్తాయి, అంతే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకి 0.83 గ్రాములు. 78 కిలోలకి కడితే 65. పోనీ మీ ఎత్తుకి తగిన 57 కిలోలకే కట్టినా 47. సగం కూడా రావట్లేదు. ఇది నెలరోజులు సాగితే శరీరం కండ తీసి వాడుకుంటుంది. కండ తగ్గితే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే కెలోరీలూ తగ్గుతాయి. మళ్ళీ అన్నం మొదలుపెట్టగానే బరువు వెనక్కి రావడానికి అదొక దారి. జుట్టు ఊడటం అప్పుడే తెలియదు, రెండు మూడు నెలలాగి దువ్వెనలో కనబడుతుంది. అప్పటికి డైట్ మర్చిపోయి షాంపూని తిట్టుకుంటారు.

అరటిపండు తియ్యక్కర్లేదు. రెండు చక్కెరకేళీలకి ఎవరూ లావెక్కరు. రావులపాలెం నుంచి గెల దింపుకుని, మగ్గిపోతున్నాయి కదా అని రెండు పూటలా నాలుగేసి తింటే మాత్రం 800 కెలోరీలు అక్కడే అయిపోతాయి.

లంకతోట (కొత్తపేట):

పై లెక్కలో కొబ్బరి సంగతి రాలేదు. కోనసీమ ఇళ్ళలో ఈ డైట్ అక్కడే కూలబడుతుంది. బొండం నీళ్ళతో ఇబ్బంది లేదు గానీ ముదురు కొబ్బరి 100 గ్రాములకి 350 కెలోరీలు. ఓ చిప్పలో కొబ్బరి 150 గ్రాములు తూగితే 500 దాటింది. బీరకాయలో కోరు, బీన్స్‌లో కోరు, సాయంత్రం జామకాయతో ఓ ముక్క, ఇలా రోజుకి ఓ చిప్ప ఇట్టే పోతుంది. వేసుకోవాలనిపిస్తే పూటకి ఒక టేబుల్ చెంచా, అదీ నూనె తగ్గించి.

నూనె టీ చెంచాకి 40 కెలోరీలు, సీసా వంచి పోస్తే తెలియదు. దొండకాయ వేపుడు, బెండకాయ వేపుడు, వంకాయ కూర పీల్చే నూనె చూస్తే అవి కూరగాయల లెక్కలోకి రావు. మూకుడు మీద మూతపెట్టి, గరిటెడు నీళ్ళు చిలకరించి మగ్గించండి. పోపు చివర్లో ఒక చెంచాతో విడిగా వేసుకుంటే వాసనకి లోటుండదు. మన వైపు ఆనపకాయ పులుసులో, దప్పళంలో బెల్లంముక్క పడందే తృప్తి ఉండదు కదా, 20 గ్రాముల ముక్కంటే 75 కెలోరీలు.

దుంపల్ని ఆనపకాయతో ఒకే గాటన కట్టొద్దు. కంద, చేమ, పెండలం, చిలకడదుంప 100 గ్రాములకి 80 నుంచి 110. ఆనప, బీర, పొట్ల, కీరా 20 లోపే. ఆకలికి దుంపే నయం, 150 గ్రాములు ఉడికించుకుంటే కడుపు నిలబడుతుంది. అయితే అన్నం బదులు అనుకుని తినాలి గానీ కూర అనుకుని కాదు. కందని చింతపండు రసంలో బాగా ఉడికించండి, సగం ఉడికితే గొంతు దురద పెడుతుంది.

కార్తీకంలో దొరికే పళ్ళలో జామ, బొప్పాయి ముందు వరస. సపోటా 100 గ్రాములకి 80, సీతాఫలం 100 దాకా. సీతాఫలం ఒకటి చాలు, తట్ట ముందు పెట్టుకు కూర్చోవద్దు.

ఏటిగాలి:

పళ్ళలో ఉండేది సహజమైన చక్కెర, ఎంత తిన్నా కొవ్వుగా మారదంటారు కదా? పైగా ప్రకృతి చికిత్సాలయాల్లో రోజుల తరబడి రసాల మీదే ఉంచుతారు. ఇక్కడ మాత్రం అంతా భయపెట్టేస్తున్నారు.

తూకంరాళ్ళు:

ఎంత తిన్నా మారదన్నది తప్పండి. పండులోది గ్లూకోజు, ఫ్రక్టోజు, సుక్రోజే. పండుగా తిన్నప్పుడు పీచు, నీళ్ళు, నమలడం అడ్డం పడతాయి కాబట్టి ఎక్కువ తినలేం. రసం తీస్తే ఆ అడ్డు పోతుంది. నాలుగు బత్తాయిలు ఒలిచి తినడానికి ఇరవై నిమిషాలు, తాగడానికి ఒక నిమిషం. చికిత్సాలయాల్లో డాక్టరు కళ్ళముందు ఉంటారు, రోజూ బీపీ చూస్తారు, కళ్ళు తిరిగితే పడుకోబెడతారు. ఇంట్లో పొయ్యి దగ్గర ఒంటరిగా ఉన్న మనిషికి ఆ పద్ధతి అప్పగించకూడదు.

రసాల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. పరగడుపున ఆనపకాయ రసం తాగే అలవాటు మనవైపు ఉంది. కాయ చేదుగా ఉంటే ఒక్క గుక్క కూడా మింగొద్దు. అందులో కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాలు ఉంటాయి. వాంతులు, నెత్తురు విరేచనాలు, బీపీ పడిపోవడం దాకా వెళ్తుంది, ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. కోసిన వెంటనే చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూసి, చేదైతే ఉమ్మేసి కాయ పారేయండి. తేనె, నిమ్మరసం కలిపి ఆ చేదుని కప్పెట్టడం మరీ ప్రమాదం. పచ్చి పాలకూర రసాలు గ్లాసులకొద్దీ తాగడం కూడా వద్దు, వాటిలో ఆక్సలేట్లు ఎక్కువ, మూత్రపిండాల్లో రాళ్ళున్నవాళ్ళకి అసలే పనికిరాదు.

మందులకొట్టు (భీమవరం):

అడిగినావిడకి షుగరు, బీపీ లేవు, సరే. ఇది చదివి ఇంకెవరైనా మొదలుపెడతారని రాస్తున్నాను. షుగరుకి గ్లిమెపిరైడ్, గ్లిక్లాజైడ్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళు అన్నం మానేసి అదే మోతాదు మందు వేసుకుంటే షుగరు పడిపోతుంది. ముచ్చెమటలు, వణుకు, మాట తడబడటం వస్తే అది డైట్ పనిచేస్తున్న గుర్తు కాదు. డాక్టరు మోతాదు మార్చకుండా మొదలుపెట్టొద్దు. బీపీకో గుండెకో టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ వాడేవాళ్ళు, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎక్కువున్నవాళ్ళు రోజూ బొండాలు, అరటిపళ్ళు అంటే ఆగాలి. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది, ముందుగా ఏ నొప్పీ చెప్పదు. గుండె కవాటం ఆపరేషనై, నెత్తురు గడ్డకట్టకుండా అసినోకౌమరాల్ మాత్ర వేసుకునేవాళ్ళు ఉన్నట్టుండి ఆకుకూరలు పెంచినా తగ్గించినా ఐఎన్ఆర్ (నెత్తురు గడ్డకట్టే తీరు చూపే పరీక్ష) మారిపోతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ జోలికే రావొద్దు.

కాలవగట్టు గారూ, మీ థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, బొప్పాయికి కనీసం అరగంట, వీలైతే గంట ఎడం ఇవ్వండి. హిమోగ్లోబిన్ 10.8 ఉందని డాక్టరు ఐరన్ మాత్ర రాస్తే అది థైరాయిడ్ మాత్రకి నాలుగు గంటలు దూరంగా ఉండాలి. రెండూ కలిపి మింగితే థైరాయిడ్ మందు ఒంటికి పట్టదు. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే పరీక్ష), బి12 కూడా ఒకసారి చూపించుకోండి. బి12 పళ్ళలో, కూరల్లో ఉండదు, పెరుగు కూడా మానేస్తే అది వచ్చే దారే లేదు.

కాలవగట్టు:

అందరికీ ధన్యవాదాలండి. సరే, అన్నం మానేసి పెరుగు, పప్పు ఉంచుకుంటాను. నీచు లేకుండా ఆ 47 గ్రాములు ఎలా తేవాలి? మొదటిరోజే పచ్చికూరలకి కడుపుబ్బరం వస్తుందంటున్నారు, దానికేం చెయ్యాలి?

తూకంరాళ్ళు:

ఇలా వేసుకోండి, అన్నీ పచ్చిమీద తూకం. పెసరపప్పు 60 గ్రాములు (14 గ్రాముల ప్రోటీను), వెన్న తీసిన పాల పెరుగు 300 గ్రాములు (10), నానబెట్టి ఉడికించిన సెనగలు 40 గ్రాములు (8), మీల్‌మేకర్ 25 గ్రాములు (12 పైచిలుకు). మీ పాత పట్టీ నుంచి వచ్చే 19తో కలిపి 60 దాటుతుంది. కెలోరీలు 550 పెరుగుతాయి, బొండం ఒకటి తగ్గించుకుంటే రోజుకి 1300 దగ్గర నిలబడతారు. వారానికి అరకిలో తగ్గుతుంది. నెమ్మదిగా ఉన్నట్టుంటుంది గానీ అందులో ఎక్కువ భాగం కొవ్వే. కార్తీకం దాటాక సెనగల బదులు రెండు గుడ్లు, మీల్‌మేకర్ బదులు శీలావతి చేప 100 గ్రాములు పులుసు పెట్టుకోండి, ఇగురైతే నూనె లాగుతుంది. పండుగప్ప అయినా ఫర్వాలేదు.

మీల్‌మేకర్ నానబెట్టిన నీళ్ళు రెండుసార్లు పిండి పారబోస్తే ఆ పచ్చివాసన పోతుంది. ఇందులో నచ్చనిది మీల్‌మేకరే అయితే పెసరపప్పు 100కి పెంచండి, ఏం మునిగిపోదు.

లంకతోట:

ఉబ్బరానికి: పీచు ఒక్కసారి మూడింతలైతే పేగు ఒప్పుకోదు. మొదటి వారం కూరలన్నీ ఉడికించినవే తినండి, పచ్చివి కీరా ఒక్కటే. కేబేజీ, ముల్లంగి రాత్రిపూట వద్దు. సెనగలు పన్నెండు గంటలు నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి వండండి, ఇంగువ, జీలకర్ర మర్చిపోకండి. నీళ్ళు తక్కువై పీచు ఎక్కువైతే మలబద్ధకం ఖాయం, కాబట్టి రోజుకి రెండున్నర లీటర్లు. పచ్చళ్ళు మానారని కూరలో ఉప్పు కూడా పూర్తిగా మానొద్దు. లేచి నిలబడగానే కళ్ళు బైర్లు కమ్మితే చిటికెడు ఉప్పేసిన పలచటి మజ్జిగ తాగండి. రోజంతా మీద ఉప్పు 5 గ్రాములు దాటకుండా ఉంటే చాలు.

మీకు నెత్తురు తక్కువ కాబట్టి వారానికి నాలుగుసార్లైనా తోటకూర పెట్టండి. పక్కన ఒక ఉసిరికాయ, ఈ నెలలో చెట్టుకిందే దొరుకుతాయి. విటమిన్ సి ఉంటే ఆకుకూరలోని ఐరన్ బాగా పడుతుంది. భోజనం అయిన గంట దాకా టీ వద్దు. బొప్పాయి, కేరట్‌లోని కెరోటిన్ పట్టాలంటే ఆ పూట కాస్త నూనో నాలుగు వేరుసెనగ గింజలో ఉండాలి, అందుకని నూనెని సున్నా చెయ్యొద్దు.

అరటిగెల కొనేటప్పుడు ఒకటి చూడండి. పండు పసుపుగా నిగనిగలాడుతూ తొడిమె మాత్రం పచ్చగా ఉండి, వాసన లేకపోతే మందు పెట్టి మగ్గేసింది అయ్యుండొచ్చు. కాల్షియం కార్బైడ్‌తో మగ్గబెట్టడం నిషేధం, ఇథిలీన్ గ్యాసుకి అనుమతి ఉంది. పచ్చిగెల దింపుకుని ఇంట్లో గడ్డిలో మగ్గేసుకుంటే ఆ బెంగే ఉండదు, కాకపోతే అత్తాలన్నీ ఒకేసారి పండుతాయి. సగం గెల పక్కింటికి పంపడానికి ముందే మాట్లాడుకోండి.

మందులకొట్టు (భీమవరం):

నెల అయ్యాక అన్నం తిరిగి మొదలుపెట్టేటప్పుడు మధ్యాహ్నం ఒక్క పూట, బియ్యం 50 గ్రాములతో మొదలుపెట్టి వారం ఆగి పెంచండి. ఆ వారంలో కాటా కిలో దాకా ఎక్కువ చూపిస్తుంది. నీళ్ళే, కంగారుపడి మళ్ళీ మానొద్దు. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, భుజానికి పాకితే, ముఖ్యంగా తిన్నాక, స్కానింగ్ చేయించుకోండి. వేగంగా తగ్గినవాళ్ళకి పిత్తాశయంలో రాళ్ళు తయారవడం మామూలే.