స్ట్రట్ టవర్ బోల్టు రంధ్రాలు ఆకురాయితో సాగదీయొచ్చా?

జయపురం_బాబు: బండి పాత మారుతి జెన్ కారు. వానల్లో సుంకి ఘాట్ దిగుతుంటే ఎడమ ముందు చక్రం గోతిలో దభేల్‌మని పడింది. అప్పట్నుంచి ఆ టైరు లోపలి అంచు నున్నగా గుండు కొట్టినట్టు అరిగిపోతోంది. బయటి అంచు గ్రిప్పు చెక్కుచెదర్లేదు. అలైన్‌మెంటు కుర్రాడు టో (పైనుంచి చూస్తే చక్రం ముందుకొన లోపలికో బయటికో తిరిగిన కోణం) సరిచేసి, క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలిన కోణం) నా చేతిలో లేదన్నాడు. మా మేస్త్రేమో బోనెట్ కింద, స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్సార్బరు కలిసిన కాలు) పైకొన బిగించే టవర్ మీది రంధ్రాలు సాగదీసి, ఆ స్ట్రట్ తలని బయటికి జరిపేస్తే సరిపోద్దంటున్నాడు. చేయించమంటారా?

రాయగడ_రెంచి: చేయించెయ్ గురూ. నేను రెండు పక్కలా చేయించాను, కాకపోతే లోపలికి. కింద చక్రం తిరిగే బాల్ జాయింటు నుంచి పైదాకా సుమారు 600 మి.మీ. అనుకుంటే, పైన 10 మి.మీ. జరిపితే దాదాపు 1 డిగ్రీ మారుద్ది. ఘాట్ మలుపుల్లో బండి ముక్కు బయటికి పోవడం బాగా తగ్గింది. మూడేళ్లయింది, ఏమీ కాలేదు.

పర్లాకిమిడి_పాతకాపు: ఏమీ కాలేదంటే ఇంకా కాలేదని, రెంచి గారూ. టవరంటే రేకులు పేర్చి స్పాట్ వెల్డింగ్ చేసిన కప్పు. ముందు చక్రం తినే ప్రతి దెబ్బా అక్కడికే చేరుద్ది. గుండ్రటి రంధ్రం బోల్టుని కదలనివ్వదు. పొడుగు గాడిలో నట్టు బిగువు ఒక్కటే దిక్కు. ఆకురాయి తగిలిన చోట రంగు పోయి తుప్పు మొదలవుద్ది, మన వానలకి అదెంతసేపు? పైగా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన అసలు నిర్మాణాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. రేపు యాక్సిడెంటైతే ఇన్సూరెన్సువాళ్లు ముందు చూసేది ఆ గాడినే.

బరంపురం_టేపు: చట్టం సరే, అసలు వంగిందేటో చూశారా? అలైన్‌మెంటు కాగితంలో క్యాంబర్‌తో పాటు ఎస్.ఎ.ఐ. అని ఇంకో అంకె ఉంటుంది, స్టీరింగు ఇరుసు వాలు. ఆ రెండూ కూడండి. రెండు పక్కలా మొత్తం ఒకటే వచ్చి, క్యాంబర్ మాత్రం తేడాగా ఉంటే టవరో, కింద అడ్డంగా ఉండే క్రాస్ మెంబరో జరిగినట్టు. మొత్తమే తేడా వస్తే స్ట్రట్టో, చక్రాన్ని పట్టుకునే నకిలో (నకిల్) వంగినట్టు. కాగితం పారేయలేదు కదా?

జయపురం_బాబు: డ్యాష్‌బోర్డులో దొరికింది. ఎడమ క్యాంబర్ మైనస్ 1.5, ఎస్.ఎ.ఐ. 12.3. కుడి మైనస్ 0.3, 12.3.

బరంపురం_టేపు: మొత్తాలు ఎడమ 10.8, కుడి 12.0. టవర్ జోలికి పోకండి. స్ట్రట్ విప్పి, రాడ్డుని చేత్తో తిప్పి చూడండి. మార్చాక టో మళ్లీ పెట్టించాలి, క్యాంబర్ కదిలితే టో కూడా కదులుద్ది.

రాయగడ_రెంచి: అదే పని, స్ట్రట్ కింద బిగించి కోణం సర్దే ఓ క్యాంబర్ బోల్టుతో అయిపోద్ది కదా? టవర్ ముట్టుకోనక్కర్లేదు.

బరంపురం_టేపు: వంగిన రాడ్డుని అలాగే ఉంచి కోణం సర్దితే సీలు చిరిగి నూనె కారుద్ది. మళ్లీ విప్పాల్సిందే.

జయపురం_బాబు: నిన్న విప్పించా. రాడ్డు తిప్పితే పైకొన వంకాయ తొడిమలా ఓ పక్కకి వాలి తిరిగింది. కొత్త జత ఆర్డరిచ్చాను. మేస్త్రి మాత్రం ఆకురాయి ఇంకా లోపల పెట్టలేదు.

రాయగడ_రెంచి: మీ బండి సంగతి ఒప్పుకున్నా. నా గాడులు మాత్రం పూడ్చను.

పర్లాకిమిడి_పాతకాపు: పూడ్చకపోతే పోయె. ఈ ఆదివారం బోనెట్ ఎత్తి గాడి చివర్లలో పగులేమైనా ఉందేమో చూసి, ఫొటో పెట్టండి.