శక్తులేవీ లేని సైడ్‌కిక్‌కి డ్రెస్ ఎలా ఉండాలి?

అందరికీ నమస్కారం. నేనొక చిన్న కామిక్ గీస్తున్నాను. హీరోయిన్ ఎగరగలదు, గోడలు పగలగొట్టగలదు. ఆమె వెంట తిరిగే సహాయకుడు, అంటే సైడ్‌కిక్, మాత్రం మామూలు మనిషి. సూపర్ హీరోలను చూసి చూసి తనే ఒక డ్రెస్ కుట్టుకున్నాడు. చిక్కంతా ఆ డ్రెస్‌తోనే.

మొదట పెద్ద కేప్ వేశాను. బొమ్మలో భలే ఉంది గానీ, ఎగరనివాడికి అదెందుకు, తలుపు సందులో ఇరుక్కోవడానికి తప్ప! నిజంగా ఎలా ఉంటుందో చూద్దామని పాత దుప్పటి మెడకు కట్టుకుని మెట్లెక్కాను. మూడో మెట్టు మీదే అంచు తొక్కి బోర్లా పడబోయాను. దాంతో కేప్ తీసేశాను.

మాస్క్ ఇంకో తలనొప్పి. వాడికి కళ్లద్దాలున్నాయి. మాస్క్ మీద పెడితే జారిపోతాయి, తీసేస్తే ఎదుటి మనిషే కనపడడు.

1940లో రాబిన్‌ని తెచ్చింది బ్యాట్‌మన్‌కి మాట్లాడుకోవడానికి ఒక తోడు ఉండాలనే, షెర్లాక్ హోమ్స్‌కి వాట్సన్‌లాగా. ముదురు రంగుల బ్యాట్‌మన్ పక్కన రాబిన్ డ్రెస్‌లోని ఆ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ఇట్టే కంటికి ఆనతాయి. నేనూ అలాంటివే పెడితే కాపీ అంటారేమోనని టెన్షన్.

ఇంట్లో కుట్టిన డ్రెస్ అని చూడగానే తెలియాలి, కానీ పాఠకులు వాణ్ణి జోకర్ని చూసినట్టు చూడకూడదు. వంకర కుట్లు, అతుకులు ఎంతవరకు చూపించవచ్చు? కాస్‌ప్లే చేసేవాళ్లు (కామిక్, సినిమా పాత్రల్లా వేషం వేసుకునేవాళ్లు) ఉంటే, కళ్లద్దాలతో మాస్క్ ఎలా పెట్టుకుంటారో కాస్త చెప్పండి. మోకాళ్లకి స్కేటింగ్ ప్యాడ్లు పెట్టాను, అవి మాత్రం తీయమనకండి.