ఖలీలుల్లా ఖలీలీ రచనలను భద్రపరచడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:
అఫ్ఘాన్ కవి, దౌత్యవేత్త ఖలీలుల్లా ఖలీలీ (1907–1987) గురించి కొంతకాలంగా చదువుతున్నాను. సౌదీ అరేబియాలోను, ఇరాక్‌లోను తన దేశానికి రాయబారిగా పనిచేసిన ఆయన, 1978లో కమ్యూనిస్టులు అధికారం చేజిక్కించుకున్నాక స్వదేశానికి దూరమై, అమెరికాలో కొన్నేళ్లు గడిపి, చివరికి ఇస్లామాబాద్‌లో కన్నుమూశారు. ఇన్ని దేశాలు తిరిగిన మనిషి రచనలు చెల్లాచెదురు కాక మానవు. వాటిని ఒకచోట చేర్చాలంటే ముందుగా ఏ పని చేయాలి?

జవాబు:
ప్రథమ ముద్రణల జాబితాతో మొదలుపెట్టండి. ఖలీలీ కవి మాత్రమే కాదు, అఫ్ఘాన్ నగరం హెరాత్ చరిత్ర గురించి, గజనీ నుంచి ఏలిన గజనవీ సుల్తానుల పాలన గురించి, ఢిల్లీలో జీవించిన మహాకవి బేదిల్ గురించి గ్రంథాలు రాసిన పండితులు. కవితలు ఎలాగో మళ్లీ అచ్చవుతాయి గాని, ఇలాంటి వచన గ్రంథాలే ముందుగా కనుమరుగవుతాయి. ఏ పుస్తకం ఏ నగరంలో అచ్చయిందో, దాని ప్రతి నేడు ఏ గ్రంథాలయంలో ఉందో రాసుకోకుండా స్కానింగుకు దిగితే, సులువుగా దొరికే పుస్తకమే పదేపదే స్కాన్ అవుతుంది.

మరొక మాట గట్టిగా చెప్పాలి. అందరికీ నచ్చే రుబాయీలను (నాలుగు పాదాల చిన్న కవితలను) ఉంచుకొని, వివాదాస్పదమైనవాటిని పక్కన పెట్టకూడదు. 1929లో కొన్ని నెలలు కాబూల్‌ను ఏలిన హబీబుల్లా కలకానీని బందిపోటు అనేవారు ఎందరో ఉన్నారు. ఖలీలీ మాత్రం ఆయనను వీరుడిగా చూపుతూ ఒక పుస్తకమే రాశారు. కలకానీకి ముందు అఫ్ఘానిస్తాన్‌ను ఏలిన రాజు అమానుల్లా గద్దెనెక్కాక ఖలీలీ తండ్రికి మరణశిక్ష పడింది, ఆ అమానుల్లాను గద్దె దించిన తిరుగుబాటుకు నాయకుడు కలకానీ. ఈ సంగతి తెలియకుండా ఆ పుస్తకాన్ని తూచడం న్యాయం కాదు.

మరొకరి జవాబు:
స్కాన్ చేసిన బొమ్మలతో సరిపెట్టుకోవద్దు, వెతకడానికి వీలైన పాఠం కావాలి. ఖలీలీ రాసిన దరీ, అంటే అఫ్ఘానిస్తాన్‌లోని పారశీక భాష. దాన్ని రాసే పారశీక లిపిలోని కాఫ్, యే అక్షరాలకూ, అరబ్బీలోని అవే అక్షరాలకూ యూనికోడ్‌లో వేర్వేరు సంకేతాలు ఉన్నాయి. అందువల్ల అరబ్బీ కీబోర్డుతో టైపు చేసిన కాబూల్ అనే పేరు, తెరమీద తేడా తెలియకపోయినా, పారశీక కీబోర్డుతో వెతికేవారికి దొరకకపోవచ్చు. మొదటి పుట నుంచే ఒకే పద్ధతి పాటించండి. నస్తాలీఖ్ అనే వాలుగా సాగే పారశీక శైలిలోని చేతిరాత ప్రతులైతే, భాష తెలిసిన ఇద్దరు విడివిడిగా టైపు చేశాక రెండింటినీ సరిపోల్చడమే నమ్మదగిన మార్గం.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పెషావర్‌లో ఖననమైన ఆయన అవశేషాలను 2012లో కాబూల్ విశ్వవిద్యాలయ ప్రాంగణానికి తరలించారు కదా, రచనలకు కూడా అదే తగిన చోటు అనుకోవచ్చా?

జవాబు:
అక్కడ తప్పక ఉండాలి, అక్కడ మాత్రమే ఉండకూడదు. యుద్ధకాలంలో అమెరికన్ చరిత్రకారిణి నాన్సీ డూప్రీ పాకిస్తాన్‌లోని పెషావర్‌లో శ్రద్ధగా కాపాడిన అఫ్ఘాన్ పత్రాలు ఆ తరువాతే కాబూల్ విశ్వవిద్యాలయానికి చేరాయి. 1990లలో కాబూల్ అంతర్యుద్ధంలో ధ్వంసమవుతున్నప్పుడు అవి సరిహద్దుకు ఇవతల ఉన్నాయి. కాబట్టి ఒక ప్రతి కాబూల్‌లో, ఒకటి వేరే దేశపు విశ్వవిద్యాలయంలో, ఒకటి కుటుంబం వద్ద ఉండేలా చూడండి. ఆయన జ్ఞాపకాలు కుమార్తెతో సంభాషణగా పుస్తకరూపంలో వెలువడ్డాయి. ఆయన గొంతు ఉన్న టేపులు ఎవరి దగ్గరున్నా పుస్తకాల కన్నా ముందు వాటినే డిజిటల్‌లోకి మార్చాలి. ఆయన మరణించి ఇంకా యాభై ఏళ్లు నిండలేదు కనుక చాలా దేశాల్లో హక్కులు వారసులవే. ఏ రచననైనా అందరికీ అందుబాటులో ఉంచే ముందు వారి రాతపూర్వక అనుమతి తీసుకోండి.